వల పైకొచ్చాక మొదటి గంట: లోతు సముద్రపు స్క్విడ్‌లు, ఆక్టోపస్‌ల మీద పనిచేయాలనుకునేవాళ్లకి

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు ముందు అడిగేది స్కూబా గురించే. డీప్ సీ ఆక్టోపస్‌ల మీద పరిశోధన చేయాలంటే డైవింగ్ సర్టిఫికెట్ ఉండాలా అని. అక్కర్లేదు. సరదా డైవర్లకు 40 మీటర్లే హద్దు. మనం చెప్పుకునే జీవులు 200 మీటర్ల కింద మొదలవుతాయి. డంబో ఆక్టోపస్ ఒకటి హిందూ మహాసముద్రంలో జావా అగాధం దగ్గర 6,957 మీటర్ల లోతున కెమెరాకు చిక్కింది. ఈదుకుంటూ పోయి చూసేది ఏమీ లేదు. ఆ డబ్బుతో మంచి డిసెక్షన్ సెట్ కొనుక్కుని, స్టీరియో మైక్రోస్కోప్ కింద చేయి తిరిగేదాకా కూర్చుంటే ఎక్కువ లాభం.

ఎందుకంటే ఈ జీవుల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం మూడు దారుల్లో వచ్చింది: వలలో పడ్డవి, రిమోట్‌తో నడిచే ఆర్‌ఓవీ కెమెరాలో కనపడ్డవి, ఇంకో జంతువు కడుపులో దొరికినవి. మూడింటిలోనూ ప్రాణి మన చేతికి వచ్చేది ఒక్కసారే. ఆ ఒక్కసారి సరిగ్గా చేయకపోతే ఆ నమూనా మ్యూజియంలో వందేళ్లు ఉన్నా దాన్నుంచి తేలేది ఏమీ ఉండదు.

వలతో మొదలుపెడదాం. మధ్య జలాల్లో లాగే ఐజాక్స్-కిడ్ రకం వలను 1,000 మీటర్ల లోతుకు దించాలంటే కనీసం అంతకు రెండు రెట్లు వైరు వదలాలి, ఎందుకంటే ఓడ కదులుతుంటే వైరు ఏటవాలుగా వెనక్కి పోతుంది. మూతి ఎప్పుడూ తెరిచే ఉండే వలైతే పైకి లాగేటప్పుడు కూడా పడుతూనే ఉంటుంది. 1,000 మీటర్ల నమూనా అని రాసుకున్నది నిజానికి 300 దగ్గర దూరినది కావచ్చు. లోతు ఖచ్చితంగా కావాలంటే ఒక్కో లోతులో ఒక్కో వల తెరిచి మూసే మాక్‌నెస్ లాంటిది కావాలి. దాంట్లోనూ చిన్న మూతి వలలో స్క్విడ్ పిల్లలే పడతాయి. ఈత బలం ఉన్న పెద్ద స్క్విడ్ వల వస్తున్న అలజడి తెలిసి పక్కకు తప్పుకుంటుంది. వలల లెక్కలు మాత్రమే చూసి ఫలానా జాతి అరుదు అని రాసే పేపర్లను కాస్త అనుమానంగానే చూడాలి.

వలలో పడ్డాక ఇంకో చిక్కు. లోతు స్క్విడ్‌లలో చాలావాటి ఒళ్లు చల్లారిన జావలా ఉంటుంది. రొయ్యలు, ముళ్ల చేపల మధ్య రెండు మూడు గంటలు నలిగితే చర్మం ఊడిపోతుంది, టెంటకిల్స్ తెగిపోతాయి, వెలుగిచ్చే ఫోటోఫోర్‌లు రాలిపోతాయి. జాతిని గుర్తుపట్టేది ఎక్కువగా వాటితోనే. వల లాగే సమయం తగ్గించడం, వల చివర గుడ్డ సంచికి బదులు నీళ్లు నిలిచే గట్టి డబ్బా బిగించడం, ఈ రెండింటితో చాలా నష్టం తగ్గుతుంది. మరోటి: వల సంచిలో ఇరుక్కున్న స్క్విడ్ పక్కనున్న చేపల్ని కొరుకుతుంది. కడుపు కోసినప్పుడు ఏమాత్రం అరగని తాజా పొలుసులు, కండ కనపడితే అది దాని మామూలు తిండి అని రాయకూడదు. అరుగుదల మొదలైనదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఆర్‌ఓవీ సంగతి వేరు. కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్‌లో ఉన్న ఎంబారీ అనే పరిశోధన సంస్థ 1987లో మొదలైంది. మాంటెరే అగాధం అక్కడి తీరం పక్కనే మొదలవుతుంది కాబట్టి ఓడ పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వాళ్ల బలం యంత్రాల్లో ఎంతుందో, వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లగలగడంలోనూ అంతే ఉంది. సుమారు 1,400 మీటర్ల లోతున ఒక బండకు గుడ్లు పెట్టుకుని పొదుగుతున్న గ్రానెలెడోన్ ఆక్టోపస్ తల్లిని 2007 నుంచి 2011 దాకా 18 సార్లు వెళ్లి చూశారు. ఒంటి మీది మచ్చలతో అదే తల్లి అని ప్రతిసారీ నిర్ధారించుకున్నారు. పొదుగుదల 53 నెలలు! ఇప్పటికి తెలిసిన జంతువులన్నింటిలో అదే ఎక్కువ. ఒక్కసారి డైవ్ చేసి వచ్చేస్తే తెలిసేది ఒక ఆక్టోపస్ గుడ్ల మీద కూర్చుందని మాత్రమే.

అక్కడికి కొంచెం దూరంలో డేవిడ్‌సన్ అనే సముద్ర పర్వతం పాదాల దగ్గర, 3,200 మీటర్ల లోతున, 2018లో వేల ఆక్టోపస్‌లు ఒకేచోట గుడ్లు పొదుగుతూ కనపడ్డాయి. చుట్టూ నీరు 1.6 డిగ్రీలు, రాళ్ల పగుళ్లలోంచి ఊరే నీరు దాదాపు 11 డిగ్రీల దాకా వెచ్చగా ఉంది. థర్మామీటర్‌ను, ఆక్సిజన్ సెన్సర్‌ను గుడ్ల సందుల్లోకి పెట్టి కొలిచారు. వేడి వల్ల పొదుగుదల రెండేళ్ల లోపే పూర్తవుతోందని 2023లో తేల్చారు. సెన్సర్ ఒక అడుగు పక్కన పెట్టి ఉంటే చల్లటి అంకెలే వచ్చేవి.

ఆర్‌ఓవీ డైవ్‌లో తెలుసుకోవాల్సినవి కొన్ని. దిగే వేగం నిమిషానికి 30 మీటర్ల చుట్టూ, అంటే 3,000 మీటర్లకు గంటా నలభై నిమిషాలు దారికే పోతాయి. కొలతల కోసం కెమెరా పక్కన సమాంతరంగా రెండు లేజర్ చుక్కలు పడేస్తారు, చాలా ఓడల్లో వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు. రెండు చుక్కలూ ప్రాణి ఒంటి మీదే, ఒళ్లు కెమెరాకు అడ్డంగా ఉన్నప్పుడు పడాలి. ఏటవాలుగా ఉన్నప్పుడు కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది. లోతు జీవుల్లో ఎక్కువ వాటి కళ్లు నీలం కాంతికే పనిచేస్తాయి, అందుకే ఎర్ర లైటుతో చూస్తే బెదరవు. జెయింట్ స్క్విడ్‌ను జపాన్ దగ్గర 2012లో సహజ ఆవాసంలో వీడియో తీసినప్పుడు చేసిన ఉపాయం ఇదే: చప్పుడు చేసే ప్రొపెల్లర్లు లేని, ఎర్ర వెలుగున్న కెమెరా, ముందు జెల్లీఫిష్ మిణుకును అనుకరించే నీలం లైట్ల ఎర. ఆర్‌ఓవీ తెల్ల లైట్లకు దూరంగా పోయేవి ఏవో మనకు ఎప్పటికీ లెక్కకు రావు, ఈ లోపం గుర్తుంచుకోవాలి.

వీడియో ఒడ్డుకు చేరాక అసలు చాకిరీ మొదలవుతుంది. ప్రతి ప్రాణి కనపడిన క్షణం, లోతు, ఉష్ణోగ్రత, ఆక్సిజన్, అది ఏం చేస్తోంది, అన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించాలి. గంట వీడియో గంటలో అయిపోదు. జాతి తెలియకపోతే ప్రజాతి దగ్గరో కుటుంబం దగ్గరో ఆపేయాలి; ఊహించి పేరు పెట్టేస్తే ఆ తప్పు పదేళ్ల తర్వాత ఇంకొకరి గ్రాఫులో తేలుతుంది. వాంపైర్ స్క్విడ్ ఏం తింటుందో 2012లో తేలింది కూడా పాత టేపులన్నీ తిరగేసి, వలలో పట్టిన నమూనాల కడుపులోని సరుకును మైక్రోస్కోప్ కింద చూసి, రెండూ జత చేస్తేనే. భయంకరమైన పేరు పెట్టుకున్న ఆ జీవి వేటే ఆడదు, సన్నటి దారం లాంటి ఫిలమెంట్ చాపి పైనుంచి రాలే చెత్తను పోగేసుకుని తింటుంది.

ఇప్పుడు డెక్ మీద పని. నన్నడిగితే ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు చూడాల్సింది ఇక్కడే.

వల పైకి రాకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి. బంగాళాఖాతంలో పై నీరు 28 డిగ్రీలు, 1,000 మీటర్ల దగ్గర 7 డిగ్రీల చుట్టూ. అంత తేడాలోంచి వచ్చే ప్రాణికి ఎక్కువ దెబ్బ వేడి వల్లే. పీడనం తగ్గి పేలిపోతుందని చాలామంది అనుకుంటారు. చేపలకున్న గాలితిత్తి వీటికి లేదు, అందుకని ఆ ప్రమాదం తక్కువ. ముందురోజే సముద్రపు నీటిని బకెట్లలో పట్టి కోల్డ్ రూంలో 4–5 డిగ్రీలకు చల్లార్చి పెట్టుకోవాలి. హడావుడిలో మంచినీళ్ల ఐసు ముక్కలు ట్రేలో వేసేస్తారు. ఐసు కరిగి ఉప్పు పలచబడగానే చర్మం తెల్లబారి ఊడుతుంది. ఐసును మూత బిగించిన సీసాల్లోనో సంచుల్లోనో పెట్టి, ఆ సంచుల్ని నీళ్లలో వేయాలి.

ప్రాణి ట్రేలోకి రాగానే ఫోటోలు. వీపు వైపు, పొట్ట వైపు, కంటి చుట్టూ ఫోటోఫోర్‌లు దగ్గరగా, పక్కన స్కేలు, స్టేషన్ నంబరు చీటీ. గాజులా పారదర్శకంగా ఉండే క్రాంకిడ్ స్క్విడ్‌లకు నల్ల గుడ్డ వెనక పెట్టకపోతే ఫోటోలో ఏమీ కనపడదు. రంగు నిమిషాల్లో పోతుంది, తర్వాత ఎంత రాసుకున్నా తిరిగి రాదు.

బతికున్న ఆక్టోపస్‌ను తిన్నగా ఫార్మలిన్‌లో వేయకూడదు. అది క్రూరత్వం, యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి స్క్విడ్, ఆక్టోపస్‌ల వర్గమైన సెఫలోపాడ్‌లకు కూడా ప్రయోగ జంతువుల చట్టం వర్తిస్తోంది. పైగా నమూనా కూడా పాడవుతుంది, చేతులన్నీ ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోవు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, దానికి సమానంగా చల్లటి సముద్రపు నీరు కలిపితే మత్తు ద్రావణం తయారు. దాంట్లో ఉంచితే మెల్లగా శ్వాస కదలికలు తగ్గుతాయి. గిల్లినా చూషకాలు పట్టుకోకపోతేనే తర్వాతి మెట్టు.

కొలతలు ఫార్మలిన్‌కు ముందే తీసుకోవాలి, తర్వాత ఒళ్లు కుంచించుకుపోతుంది. స్క్విడ్‌కు వీపు మీది మాంటిల్ (తల వెనకుండే గొట్టంలాంటి ఒళ్లు) పొడవు, బరువు, ఒక్కో చేయి పొడవు. తర్వాత డీఎన్‌ఏకి ముక్క: 25 మిల్లీగ్రాముల చుట్టూ మాంటిల్ కండ, 95 శాతం పైన ఇథనాల్‌లో. ఇథనాల్ కండకు కనీసం పది రెట్లుండాలి, మర్నాడు మార్చాలి, లేకపోతే కండలోని నీరే దాన్ని పలచన చేస్తుంది. సులువుగా ఉందని చేతి కొన కత్తిరిస్తారు కొందరు. ఆక్టోపస్ మగవాటిలో సాధారణంగా కుడి మూడో చేయి, మన తీరపు లోలిజినిడ్ స్క్విడ్ మగవాటిలో ఎడమ నాలుగో చేయి సంపర్కానికి మారి ఉంటుంది. జాతి తేల్చే గుర్తుల్లో అదొకటి. దాని కొనే కోసేస్తే ఇక చెప్పేదేముంది! చేతుల జోలికి పోకుండా మాంటిల్ దగ్గరే తీసుకోండి.

కండ తీశాకే ఫార్మలిన్. ముందు ఫార్మలిన్ తగిలితే డీఎన్‌ఏ ముడిపడిపోయి దాని నకళ్లు తీసే పీసీఆర్ దాదాపు రాదు. కొనుక్కొచ్చిన ఫార్మలిన్ ఒక పాలు, సముద్రపు నీరు తొమ్మిది పాళ్లు, అడుగున కొంచెం మిగిలేదాకా బోరాక్స్. బోరాక్స్ వేయకపోతే ఫార్మలిన్ పులిసి, తలలో ఉండి వయసు చెప్పే గట్టి నలుసులైన స్టాటోలిత్‌లను కరిగించేస్తుంది. అందుకే వయసు చదవాల్సిన స్క్విడ్‌కు స్టాటోలిత్‌లను అసలు ముందే తీసి పక్కన పెట్టడం ఖాయమైన పద్ధతి. నమూనాను మొదట లోతులేని ట్రేలో చేతులు సర్ది పడుకోబెట్టి, ఫార్మలిన్ పోసి, బిగుసుకున్నాకే సీసాలో పెట్టాలి. తిన్నగా సీసాలోకి కుక్కితే సీసా ఆకారంలోనే గట్టిపడుతుంది. పెద్దవాటికి మాంటిల్ లోపలికి సిరంజితో ఎక్కించాలి, లేకపోతే బయట గట్టిపడి లోపల కుళ్లుతుంది. చిన్నవాటికి కొద్ది రోజులు, పెద్దవాటికి రెండు వారాలు, తర్వాత నీళ్లలో కడిగి మెట్లు మెట్లుగా 70 శాతం ఇథనాల్‌కు. ఒకేసారి 70కి మారిస్తే జావ ఒళ్లు ముడతలు పడుతుంది.

చీటీ పెన్సిల్‌తో రాయాలి, సీసా లోపల వేయాలి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరుగుతుంది, పైన అంటించిన స్టిక్కర్ ఊడుతుంది. ఓడ, స్టేషన్, అక్షాంశ రేఖాంశాలు, లోతు, వల రకం, తేదీ, గంట. ఈ ఒక్క చీటీ లేకుండా మ్యూజియం అలమారాల్లో పడున్న అందమైన నమూనాలకు కొదవ లేదు.

వాసన గురించి ఒక మాట. తేలడానికి ఒంట్లో అమోనియం క్లోరైడ్ నింపుకునే స్క్విడ్‌లు చాలా ఉన్నాయి, జెయింట్ స్క్విడ్ కూడా ఆ బాపతే. కోల్డ్ రూంలో మీ సామాన్ల పక్కన ఎవరూ భోజనం సరుకులు పెట్టరు.

ఒడ్డున ల్యాబ్ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదనిపించేది ముక్కుల చదువు. సెఫలోపాడ్ ఒంట్లో కైటిన్‌తో అయిన ముక్కు మాత్రం స్పెర్మ్ వేల్, ట్యూనా, కత్తిచేపల కడుపులో అరగదు. స్క్విడ్‌కు కింది ముక్కు చాలు: దాని రోస్ట్రమ్ (కొరికే మొన) పొడవును కాలిపర్‌తో కొలిచి, ఆ కుటుంబానికి ఉన్న సమీకరణంలో వేస్తే మాంటిల్ పొడవు, బరువు వస్తాయి. ఆక్టోపస్‌కు హుడ్ (ముక్కు పై కప్పు) పొడవు కొలుస్తారు. ముక్కును ఎండనివ్వకూడదు, ఎండితే వంకర తిరిగి కొలత తప్పుతుంది. 70 శాతం ఇథనాల్‌లోనే ఉంచాలి. అరగవు కాబట్టి కడుపులో రోజుల తరబడి పోగవుతాయి. చేపల ఎముకలు ఈలోగా కరిగిపోతాయి. ముక్కుల సంఖ్యను చేపల సంఖ్య పక్కన పెట్టి స్క్విడే ఎక్కువ తింటోందని తేల్చేస్తే లెక్క తప్పినట్టే. కొలోసల్ స్క్విడ్‌ను 1925లో వర్ణించింది స్పెర్మ్ వేల్ కడుపులో దొరికిన చేతుల ముక్కలతోనే. అది లోతుల్లో బతికుండగా మొదటిసారి కెమెరాకు కనపడింది 2025 మార్చిలో, సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతున, 30 సెంటీమీటర్ల పిల్ల. అదేనని పోల్చుకోవడానికి పనికొచ్చింది చేతుల మధ్యలో ఉన్న కొక్కేలు. మన దేశంలో తిమింగలం ఒడ్డుకు కొట్టుకొస్తే మాత్రం కత్తి పట్టుకుని పరిగెత్తకండి. వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు, అటవీ శాఖ అనుమతి లేకుండా ముక్క తీసినా కేసే.

స్టాటోలిత్‌లో రోజుకో వలయం పడుతుందని తీరపు స్క్విడ్‌లలో చూశారు. దాన్ని గాజు పలక మీద క్రిస్టల్‌బాండ్‌తో అతికించి సన్నటి లాపింగ్ ఫిల్మ్ మీద అరగదీసి 400 రెట్లలో లెక్కపెడతారు. ఒక్క రుద్దు ఎక్కువైతే కేంద్రం ఎగిరిపోతుంది. పగలూ రాత్రీ తేడా లేని లోతుల్లో వలయాలు మసకగా ఉంటాయి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి అంకెలు కలవకపోతే ఆ నమూనా వదిలేయడమే మంచిది. ఆక్టోపస్‌లకు ఈ పద్ధతి పనిచేయదు.

డీఎన్‌ఏకి జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువులో 650 బేస్‌ల ముక్క మామూలు. పీసీఆర్ పడకపోతే ప్రైమర్లను తిట్టే ముందు డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి చూడండి; సెఫలోపాడ్ కండలోని జిగురు పదార్థాలు ఎంజైమ్‌ను ఆపేస్తాయి.

మన దగ్గర పరిస్థితికి వస్తే, బంగాళాఖాతం, అండమాన్ లోతుల నుంచి ఇన్వెస్టిగేటర్ ఓడ తెచ్చిన సెఫలోపాడ్‌లను గుడ్రిచ్ 1896లోనే వర్ణించాడు. ఆ తర్వాత పని అంతా చెదురుమదురుగానే సాగింది. 2025లో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు కొల్లం దగ్గర 390 మీటర్ల లోతు నుంచి వచ్చిన స్క్విడ్‌ను టానింజియా సిలాసీ అనే కొత్త జాతిగా ప్రకటించారు. ఆ ప్రజాతిలో అప్పటిదాకా తెలిసింది ఒక్కటే జాతి. కొల్లం వైపు లోతు రొయ్యలకు వెళ్లే బోట్లు ఇలాంటివి పైకి తెస్తూనే ఉంటాయి. హార్బర్‌లో ఏరివేతకు ముందు చేరేవాడికి దొరుకుతాయి. ఓడల్లో కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈ నడిపే సాగర్ సంపద ఉంది, 1984 నాటిది. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ ముగ్గురు కూర్చునే మత్స్య 6000 జలాంతర్గామి వాహనాన్ని 2.1 మీటర్ల టైటానియం గోళంతో తయారుచేస్తోంది. అది వచ్చినా జీవశాస్త్రానికి దొరికే గంటలు ఖనిజాల వాళ్లతో పంచుకున్నవే అవుతాయి.

చదువుకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం, కొచ్చిలో కుసాట్ విశ్వవిద్యాలయం, పరంగిపేటలో అన్నామలై వాళ్ల కేంద్రం ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. జేఆర్‌ఎఫ్ లేకుండా ప్రాజెక్టు పోస్టుల మీద పీహెచ్‌డీ లాగడం కష్టం, ప్రాజెక్టు ముగిస్తే జీతం కూడా ముగుస్తుంది. ఒక్క లోతు స్క్విడ్‌నే నమ్ముకుని పర్మనెంట్ ఉద్యోగం దొరకడం మన దేశంలో అరుదు. మత్స్య వనరుల లెక్కలో, జన్యు పనిలో, ఆర్ ప్రోగ్రామింగ్‌లో ఒకటి గట్టిగా వచ్చుంటే దాని మీద ఉద్యోగం, దాని చాటున స్క్విడ్ నడుస్తాయి. నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే జీవవైవిధ్య చట్టం కింద జాతీయ ప్రాధికార సంస్థ నిబంధనలు ముందు చూసుకోండి. ఇథనాల్ సీసాలు విమానంలో ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి, ప్యాకింగ్ రూల్స్ తెలియకుండా కొరియర్‌కు ఇస్తే పార్సిల్ ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతుంది.

ఓడ ఎక్కేదాకా ఆగక్కర్లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోట్లు దిగేటప్పుడు యూరోట్యూథిస్ డ్యూవాసెలీ స్క్విడ్‌లు చిన్నా పెద్దా కలిపి ముప్పై నలభై ఏరి కొనండి, అన్నీ ఒకే సైజువి వద్దు. ఒక్కోదానికి మాంటిల్ పొడవు, బరువు, మగా ఆడా రాయండి. నోటి కండరపు ముద్దను కోసి వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచితే కండ వదిలి రెండు ముక్కులూ ఊడొస్తాయి. తల కింది వైపు ఫనెల్ (నీళ్లు చిమ్మే గొట్టం) తీసేసి, కపాలపు మృదులాస్థిని పల్చగా అడ్డంగా కోస్తే రెండు తెల్లటి నలుసులు కనపడతాయి, అవే స్టాటోలిత్‌లు. మొదట్లో సగం విరుగుతాయి. కింది ముక్కు రోస్ట్రమ్ పొడవు, ఒంటి బరువు, రెండింటికీ లాగరిథమ్ తీసి గ్రాఫ్ గీస్తే దాదాపు తిన్నని గీత రావాలి. గీతకు బాగా దూరంగా పడ్డ చుక్క ఉంటే ముందు కాలిపర్ కొలత, ఆ తర్వాత తూకం మళ్లీ చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే ఆ సీసా తెరిచి, టెంటకిల్ చివరి చూషకాల పళ్లు లెక్కపెట్టండి, వేరే జాతి కలిసిపోయి ఉండొచ్చు.